ఉప్పునీటి అక్వేరియం, నైట్రేట్, మా బావమరిది బెల్లం

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఇంటి పేజీలో ఉప్పునీటి అక్వేరియం మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. నీలం లైట్ల కింద ఊగే పగడాలు, వాటి మధ్య నారింజ రంగు చేపలు, ఎవరికైనా వెంటనే కొనేయాలనిపిస్తుంది. కానీ చేపల వ్యర్థాల వల్ల, మిగిలిన మేత వల్ల నీళ్లలో పేరుకుపోయే నైట్రేట్ గురించి మాత్రం రెండే వాక్యాలు రాసి వదిలేశారు. పెరిగితే సగం నీళ్లు మార్చండి, తగ్గకపోతే షాపులో దొరికే మందు వేయండి అని. సరిగ్గా ఇదే మాట నమ్మి రెండేళ్లలో డబ్బులూ, చేపలూ, ఇంట్లో ఉన్న కాస్త పరువూ పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గానే ఉంటుంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా సోది కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

మాది విశాఖపట్నం. హాల్లో మూడడుగుల ట్యాంకు, సుమారు 200 లీటర్ల నీళ్లు, రెండు క్లౌన్ ఫిష్‌లు, నాలుగు డామ్సెల్ చేపలు, శంఖంలో దూరి తిరిగే పీతలు నాలుగైదు. పెట్టిన ఆరు నెలలకి టెస్ట్ కిట్‌లో నైట్రేట్ లీటరుకి 90 మిల్లీగ్రాముల దగ్గర తేలింది. గాజు గొట్టంలో నీళ్లు దానిమ్మ రసంలా ఉన్నాయి. ట్యాంకు కొన్న షాపతను ఒక సీసా ఇచ్చాడు, వారానికో మూత. నెల తర్వాత ఇంకో సీసా. ఆ తర్వాత ఇంకొంచెం ఖరీదైన సీసా. ప్రతి ఆదివారం నలభై లీటర్ల నీళ్లు కూడా మారుస్తూనే ఉన్నాను, నడుం పట్టేసింది కానీ 90 మాత్రం కదల్లేదు.

ఎందుకు కదల్లేదో కాగితం మీద లెక్క వేసుకున్నాకే అర్థమైంది. చేప తిన్న మేతలోని ప్రొటీన్ చివరికి అమ్మోనియాగా బయటికి వస్తుంది, తినకుండా కుళ్లిన మేతదీ అదే దారి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మామూలు ఫిల్టర్ పని అక్కడితో అయిపోతుంది, నైట్రేట్‌కి బయటికి పోయే దారి ఉండదు. నేను రోజుకి సుమారు రెండు గ్రాముల మేత వేసేవాణ్ణి. అందులో 45 శాతం ప్రొటీన్ అనుకుంటే 0.9 గ్రాములు. ప్రొటీన్ బరువులో దాదాపు 16 శాతం నైట్రోజన్, అంటే 0.144 గ్రాములు. నైట్రోజన్ నైట్రేట్‌గా మారితే బరువు 4.43 రెట్లవుతుంది, అంటే 0.64 గ్రాములు. 200 లీటర్లలో కలిపితే రోజుకి లీటరుకి 3 మిల్లీగ్రాముల పైమాటే, వారానికి 22. చేపల ఒంటికి పట్టింది, స్కిమ్మర్ (బుడగలతో నీళ్లలోని మురికిని నురగగా తీసే పరికరం) నురగలో పోయింది తీసేసి సగమే అనుకుందాం. వారానికి 10.

ఇప్పుడు నీళ్ల మార్పిడి చూడండి. వారానికి ఐదో వంతు నీళ్లు మారుస్తున్నాను. ట్యాంకులో 50 ఉంటే 40 అవుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ 10 చేరి 50. అంటే ఎన్నేళ్లు మార్చినా అది 50 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడుతుంది. మరి నాకు 90 ఎందుకు వచ్చింది? ఉప్పు కలపడానికి నేను వాడింది మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. ఆ నీళ్లని ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదు. చేస్తే 40 చూపించింది! ప్రతి ఆదివారం శుభ్రం చేస్తున్నాననుకుంటూ నైట్రేట్‌ని బకెట్లతో నేనే పోస్తున్నాను. ఇది నా ఒక్కడి కర్మ కాదు. తాగే నీటిలో నైట్రేట్‌కి మన దేశంలో హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు, అది దాటిన బోర్లు తెలంగాణలో, ఆంధ్రలో చాలా ఉన్నాయని కేంద్ర భూగర్భ జల బోర్డు నివేదికలే చెబుతున్నాయి. ఎరువులు, సెప్టిక్ ట్యాంకులు, పశువుల పేడ, అన్నీ కిందికి దిగి అందులోకే చేరతాయి. ఆర్వో నీళ్లకి మారాక మూడు నెలల్లో నా ట్యాంకు 50కి దగ్గరపడింది, మందు లేదు మాకు లేదు.

బీచ్‌లో నీళ్లు పట్టుకొస్తే పోదా అని అడిగేవాళ్లుంటారు, నేనూ క్యాన్లతో మోశాను. వానాకాలం చివర, ముఖ్యంగా అక్టోబర్, నవంబర్‌లలో నదుల నీళ్లు ఉత్తరం వైపు నుంచి తీరం వెంబడి కిందికి దిగి మన దగ్గర సముద్రంలో ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. కొలవకుండా పోస్తే పీతలు ముందు పోతాయి. పైగా నగరం పక్కన సముద్రంలో ఏమేం కలుస్తాయో మీ పత్రికే చాలాసార్లు రాసింది.

ఇక మా బావమరిది సంగతి. భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. సంక్రాంతికి వచ్చి నేను మేత చల్లడం చూసి నవ్వాడు. "ఏంటి బావా, కళ్లు మూసుకుని చల్లేస్తున్నావు? మేమైతే చెరువులో దించిన మేత పళ్లెం, అదే చెక్ ట్రే, లేపి చూసి, మిగిలితే తర్వాతి పూట కోత పెడతాం" అన్నాడు. రొయ్యల రైతుకి మేత అంటే డబ్బు, మిగిలితే అమ్మోనియా, అందుకే వాళ్లకి ఈ లెక్క నరాల్లో ఉంటుంది. ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న మనకేమో చేప గాజు దగ్గరికి వచ్చి నోరు తెరవగానే జాలి పొంగుతుంది. ఆ రోజు నుంచి మేత సగం చేశాను. పై లెక్కలో 10 బదులు 5 వేసి చూడండి, 50 కాస్తా 25 దగ్గరికి దిగుతుంది. పైసా ఖర్చు లేని పద్ధతి ఇది, కానీ ఏ షాపూ చెప్పదు, చెబితే మేత డబ్బాలు ఎవరు కొంటారు.

అతనే ఇంకో మాట కూడా చెప్పాడు, అక్కడ నేను తప్పులో కాలేశాను. చెరువులో అమ్మోనియా పెరిగితే బెల్లం పాకం వేస్తారట, తవుడూ బెల్లం ఈస్టూ కలిపి పులియబెట్టి కూడా వేస్తారట. తీపి తిని బ్యాక్టీరియా పెరుగుతుంది, పెరగడానికి దానికి నైట్రోజన్ కావాలి కాబట్టి నీళ్లలోది లాక్కుంటుంది. సూత్రం నూటికి నూరుపాళ్లు నిజం. విదేశాల్లో అక్వేరియం వాళ్లు ఇదే పనికి వోడ్కా, వెనిగర్, పంచదార వాడతారు. నేనేం చేశానంటే, ఓ చిన్న నిమ్మకాయంత బెల్లం కరిగించి సాయంత్రం ట్యాంకులో పోసేశాను. రాత్రి పదికల్లా నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఒంటి గంటకి కరెంటు పోయింది. ఆ విరుచుకుపడి పెరిగిన బ్యాక్టీరియాకి మనలాగే ఆక్సిజన్ కావాలి. మే నెల వేడికి నీళ్లలో ఉండేదే తక్కువ, ఉన్నది అవి పీల్చేసుకున్నాయి. పొద్దున్నకి రెండు డామ్సెల్స్ వెల్లకిలా తేలాయి. బావమరిదికి ఫోన్ చేసి తిడితే "నీ ట్యాంకుకి ఏరియేటర్లు ఉన్నాయా బావా? మా చెరువుకి రాత్రంతా తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటర్ వేస్తాం" అన్నాడు. నిజమే కదా. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్‌లో విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, అప్పటికి నాకీ పిచ్చి పట్టలేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు బ్యాటరీతో తిరిగే ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంటుంది.

తర్వాత బెల్లం మాని తెల్ల వెనిగర్‌తో నెమ్మదిగా మొదలుపెట్టాను. 200 లీటర్లకి రోజుకి ఒకటిన్నర మిల్లీలీటర్లు, పొద్దున పూట, వారానికోసారి కొద్దికొద్దిగా పెంచుతూ. పన్నెండు ఎప్పుడూ దాటలేదు. నీళ్లు ఏమాత్రం మసకబారినా ఆపేయాలి. స్కిమ్మర్ లేనివాళ్లు దీని జోలికి అసలు పోవద్దు, ఎందుకంటే నైట్రోజన్ తిన్న బ్యాక్టీరియాని నురగతో బయటికి తీసేది అదే, తీయకపోతే అవి చచ్చి మళ్లీ నీళ్లలోనే కలుస్తాయి. నా అభిప్రాయం అడిగితే, కొత్తవాళ్లకి ఇది వద్దు. సముద్రం ఈ పని ఇంకా నెమ్మదిగా, ఇంకా బాగా చేసే దారులు రెండున్నాయి.

మొదటిది ఇసుక. ఆక్సిజన్ ఉన్నచోట ఉండే బ్యాక్టీరియా నైట్రేట్ తయారుచేస్తే, ఆక్సిజన్ అందని చీకటి లోతుల్లో ఉండే ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌లో ఉన్న ఆక్సిజన్‌నే ఊడలాక్కుని వాడుకుంటుంది. మిగిలిన నైట్రోజన్ వాయువుగా బుడగై గాల్లో కలిసిపోతుంది. మన వరి రైతుకి ఇది బాగా తెలిసిన నష్టం, పేరు తెలియకపోయినా. నీళ్లు నిలిచిన పొలంలో నైట్రేట్ రూపంలో ఉన్న నత్రజని ఇలాగే గాలిలోకి ఎగిరిపోతుంది, అందుకే దమ్ము చేసిన మడికి నైట్రేట్ ఎరువు పనికిరాదంటారు. పొలంలో నష్టమైనదే నా ట్యాంకులో లాభం. సన్న ఇసుక పది, పన్నెండు సెంటీమీటర్ల మందాన పరిచి వదిలేస్తే, కింది పొరల్లో ఈ పని దానంతటదే మొదలవుతుంది. ప్రొఫెసర్ జాన్ జోబేర్ అని ఫ్రాన్స్‌కి చెందిన ఆయన, 1980ల్లో ఇసుక అడుగున చిల్లుల పళ్లెం మీద జాలీ పెట్టి, దాని కింద ఖాళీగా కొంత నీటిని ఉంచే పద్ధతి తయారుచేశారు, మొనాకోలోని సముద్ర పరిశోధన మ్యూజియంలో అలాంటి ట్యాంకులు నడిపారు. నేను ఆ పళ్లెం జోలికి పోలేదు, ఉత్త ఇసుకే వేశాను.

వేశాక నాలుగు నెలలు ఏమీ జరగలేదు. ఇక్కడే అందరూ విసిగిపోయి మళ్లీ సీసా కొంటారు. ఐదో నెలలో గాజు పక్క నుంచి చూస్తే ఇసుకలో సన్న బుడగలు కనబడ్డాయి, టెస్ట్‌లో అంకె కదిలింది. ఒక్క జాగ్రత్త. ఆ ఇసుకని కింది దాకా కెలకొద్దు. ఎక్కడైనా నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, ఒక్కసారిగా నీళ్లలో కలిస్తే చేపలు బతకవు. మా అమ్మాయి ఒకసారి ట్యాంకులో పడిపోయిన బొమ్మ కోసం గరిటె పెట్టి తవ్వబోతే నేను వేసిన కేకకి పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చారు. ఇసుక కూడా ఊరికే వస్తోందని బీచ్ నుంచి తేవద్దు. మన భీమిలి వైపు ఇసుకలో నల్లని బరువైన ఖనిజాలు ఉంటాయి, అయస్కాంతం పెడితే కొంత అంటుకుంటుంది, అది ట్యాంకులో వేసుకునే సరుకు కాదు.

ఇదే పని రాయి కూడా చేస్తుంది. చిల్లులు చిల్లులుగా ఉండే రాయి లోపలి భాగంలో ఆక్సిజన్ అందదు, అక్కడ అదే బ్యాక్టీరియా చేరుతుంది. 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు జీవమున్న రాళ్లూ, గాలి బుడగలూ తప్ప ఏ ఫిల్టరూ లేకుండా ట్యాంకులు నడిపి చూపించారు. తర్వాత బెర్లిన్‌లో వాళ్లు ఆ రాళ్లకి బలమైన స్కిమ్మర్ జోడించారు, ఆ పద్ధతికి ఇప్పటికీ ఆ ఊరి పేరే. అంతా బాగుంది కానీ ఎడిటర్ గారూ, మీ ఫొటోల మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. మన దేశంలో 2001 నుంచి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఏ రక్షణో దానికీ అదే రక్షణ. సముద్ర గుర్రాలూ అంతే. "లైవ్ రాక్" పేరుతో చాటుగా అమ్మే దిమ్మెలు చాలావరకు సముద్రం నుంచి పగలగొట్టి తెచ్చిన పగడపు ముక్కలే. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు, పైగా ఎక్కడ దొరుకుతాయో షాపుల్లో అడగమన్నారు. అడిగి కొన్నవాడు కేసులో ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత? నేను వాడింది కాల్చిన సెరామిక్ దిమ్మెలు, సిమెంటూ గవ్వల పొడీ కలిపి పోసిన రాళ్లు. సిమెంటు రాళ్లని నెలన్నర నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి సున్నం ఘాటు పోగొట్టాక వేయాలి. వాటిలో బ్యాక్టీరియా స్థిరపడటానికి నెలలు పట్టింది, అంతే తేడా.

రెండో దారి నాచు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే నైట్రేట్ బయటికి పోవడం కంటితో చూడొచ్చు, చేత్తో పిండొచ్చు. ట్యాంకు కింద ఉండే రెండో చిన్న ట్యాంకులో, అంటే సంప్‌లో, ఒక అరలో కీటోమార్ఫా అనే నాచు వేశాను. అంట్లు తోమే ప్లాస్టిక్ పీచులా ఉంటుంది, వేళ్లు ఉండవు, ముద్దలా తిరుగుతూ పెరుగుతుంది. పైన మామూలు ఎల్ఈడీ లైటు, ట్యాంకు లైటు ఆపాక రాత్రంతా వెలుగుతుంది. రాత్రి చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని నాచు వాడుకుని ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి నీటి పీహెచ్ కూడా తెల్లారేసరికి అంతగా పడిపోదు. పదిహేను రోజులకోసారి రెండు గుప్పెళ్లు కత్తిరించి పారేస్తాను. పారేయడం ముఖ్యం, పెంచి వదిలేస్తే ఉపయోగం లేదు, నైట్రేట్ దాని ఒంట్లోకి చేరింది కాబట్టి ఒంటితో సహా బయటికి పోవాలి. మా అమ్మ దాన్ని మూడు నీళ్లు కడిగి ఉప్పు పోగొట్టి కరివేపాకు కుండీలో వేస్తుంది, ఆ చెట్టు ఇప్పుడు నా ట్యాంకు కంటే బాగుంది.

రుషికొండ వైపు రాళ్ల మీద పాలకూర ఆకులా పచ్చగా పరుచుకుని కనిపించేది ఉల్వా, అది కూడా నైట్రేట్ బాగా తింటుంది కానీ ట్యాంకులో ముక్కలై పంపుల్లో ఇరుక్కుంటుంది. కౌలెర్పా అని ఇంకోటి ఉంది, చూడ్డానికి ఈకల్లా ముద్దుగా ఉంటుంది, దాన్ని మాత్రం నమ్మొద్దు. ఉన్నట్టుండి ఒక రాత్రి బీజకణాలు వదిలేసి తెల్లబడి చచ్చిపోతుంది, అన్నాళ్లూ తిన్నదంతా ఒక్క పూటలో కక్కేస్తుంది. సంప్ లేనివాళ్లకి ఇంకో ఉపాయం ఉంది. గరుకు చేసిన ప్లాస్టిక్ జాలీ మీద నీళ్లు పలచగా జారేటట్టు పెట్టి, పక్కన లైటు వేస్తే దాని మీదే నాచు పడుతుంది, వారానికోసారి గీకేయడమే. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు, ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన పెద్ద పగడాల అక్వేరియాన్ని మొదట్లో దీనితోనే నడిపారు. మన ఇంట్లో దానికి కావాల్సింది ఒక చిన్న పంపు, చిల్లులు పొడిచిన పీవీసీ పైపు ముక్క.

మడ మొక్క పెట్టండి, నైట్రేట్ లాగేస్తుంది అని కొందరు చెబుతారు. పెట్టాను. ఏడాదికి నాలుగు ఆకులు వేసింది. నాలుగు ఆకుల్లో ఎంత నైట్రోజన్ పట్టుంటుందో మీరే ఊహించుకోండి. అందంగా ఉంటుంది, అంతవరకే. దానికోసం కోరింగ వెళ్లి మొక్కలు పీక్కురావద్దు దయచేసి.

టెస్ట్ గురించి ఒక్క మాట, ఎందుకంటే సగం టెన్షన్ అక్కడే పుడుతుంది. నైట్రేట్ కిట్‌లో ఒక సీసా మందు అడుగున పేరుకుపోతుంది, దాన్ని అర నిమిషం గట్టిగా కుదపకపోతే అంకె తక్కువ చూపిస్తుంది, నా మొదటి మూడు నెలల అంకెలన్నీ అలాంటివే. కొన్ని కిట్లు నైట్రేట్‌ని కాకుండా అందులోని నైట్రోజన్‌ని మాత్రమే చూపిస్తాయి, దాన్ని 4.43తో గుణించాలి. ఇద్దరు స్నేహితులు నీది ఎంత నాది ఎంత అని పోల్చుకుని దెబ్బలాడుకోవడం నేను చూశాను, ఇద్దరిదీ ఒకటే నీరు, కిట్లే వేరు.

ఇంకొకటి, సున్నా కోసం పాకులాడొద్దు. పగడపు దిబ్బల దగ్గర సముద్రపు నీటిలో నైట్రేట్ దాదాపు లేనట్టే ఉంటుంది, నిజమే, కానీ అక్కడ తిండి రోజంతా నీటితో కొట్టుకొస్తుంటుంది. మన ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేస్తే మంచి నాచు చచ్చి, ఆ చోట్లో గోధుమరంగు జిగురు తీగలు సాగే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు దిగుతాయి, వాటిని వదిలించుకోవడం నైట్రేట్ కంటే పెద్ద తలనొప్పి. చేపలకి 20 వరకు ఏమీ కాదు. నాది ఇప్పుడు 5కీ 8కీ మధ్య ఆడుతోంది. వెనిగర్ మానేసి ఏడాది దాటింది, నీళ్లు నెలకోసారి పది శాతం మారుస్తున్నాను.

మీకు నా విన్నపాలు రెండే. ఆ వ్యాసానికి సవరణ వేయండి, పగడాలు, లైవ్ రాక్ ఇళ్లలో పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదని పెద్ద అక్షరాల్లోనే వేయండి. రెండోది, ఈసారి అక్వేరియం గురించి రాయించేటప్పుడు షాపుల వాళ్లతో పాటు భీమవరం వైపు ఎవరైనా రొయ్యల రైతుని కూడా అడగండి. బెల్లం సంగతి వచ్చినప్పుడు మాత్రం ఎన్ని లీటర్లకి ఎంతో కూడా రాసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం